మధ్యలో నొక్కిన ట్యూబు

ఇరవై ఆరేళ్లుగా నా ఉద్యోగం అనుమానపడటం. కర్నూలు నుంచి బయలుదేరిన బస్సుల్ని దారి మధ్యలో ఆపి ఎక్కి, ప్రయాణికుల చేతుల్లోని టికెట్లూ, కండక్టరు మిషన్‌లో కొట్టినవీ ఒకటేనా అని చూసే తనిఖీ ఇన్‌స్పెక్టర్ని నేను. ఎవరైనా నవ్వుతూ "రాండి సార్, కూచోండి" అంటే ముందు ఆ మనిషి చేతులు చూస్తాను. నిద్రపోతున్న ప్రయాణికుణ్ణి కూడా లేపుతాను. మమ్మల్ని చూసి నిద్ర నటించేవాడు బస్సుకొకడైనా ఉంటాడు. ఇంటికి వచ్చాక ఈ బుద్ధిని బూట్లతోపాటు గుమ్మం బయట విడిచిపెట్టగలిగితే బాగుండేది. నాకు చేతకాలేదు. అందుకే ఆ ఎండాకాలం, నలుగురిలో చెప్పుకోలేని చోట పుట్టిన ఒక దురద, నా కాపురాన్ని తెగిపోయేదాకా తీసుకుపోయింది.

మొదటిసారి తెలిసింది డోన్ దగ్గర. మధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్కన నిలబడి మూడు బస్సులు చూసి, నాలుగోదాని కోసం కాచుకుని ఉన్నాం. టెరికాట్ ప్యాంటు తొడలకు అతుక్కుపోయింది. కుడి గజ్జలో చీమ కుట్టినట్టయింది. చీమే అనుకున్నాను. బస్సెక్కి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో టికెట్లు చూస్తుంటే ఆ చీమ ఎడమ గజ్జకు కూడా పోయింది. ఆడవాళ్లు కూర్చున్న సీట్ల మధ్య నిలబడ్డ మగవాడు అక్కడ గోక్కోలేడు. పళ్లు బిగబట్టి చివరి సీటుదాకా చూశాను. ఆ రోజు నా మొహం చూసిన కండక్టరు, సార్‌కు ఏదో పెద్ద తప్పే దొరికిందనుకుని చెమటలు కక్కాడు.

వారం తిరిగేసరికి గజ్జల్లో ఎర్రగా రెండు అరచేతులంత మేర పరుచుకుంది. అంచులు ఉబ్బి, మధ్యలో నల్లబారి ఉంది. మరో వారానికి అంగం ముందుచర్మం కూడా మండటం మొదలుపెట్టింది. ఒంటికి పోసుకున్న నీళ్లు అక్కడ తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది.

ఇలాంటిది వస్తే మామూలు మనిషి ఏం చేస్తాడో నాకు తెలియదు. నేను మాత్రం విచారణ మొదలుపెట్టాను. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ నా భార్యా. అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాబట్టి ముద్దాయిలు తక్కువే. మొదట నా చూపు సబ్బు మీద పడింది. అది కొత్తది, రంగు వేరు, వాసన వేరు.

"ఈ సబ్బు ఎప్పుడు మార్చినావు?" అని నా భార్యను అడిగాను.

"ఉగాదికి. ఏమి, వాసన బాగలేదా?"

"ఎవరు మార్చమన్నారు?"

"సబ్బు మార్చేకి కూడా పైనుంచి ఆర్డరు కావల్లనా?" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ నిర్లక్ష్యం నాకు నచ్చలేదు. సబ్బు మార్చాను, తగ్గలేదు. బట్టలుతికే పొడి మార్పించాను, తగ్గలేదు. డ్రాయర్ల నడుముపట్టీ మీద అనుమానపడి కొత్తవి కొన్నాను. అవి ఇంకా బిగువు, పాతవే నయం. బోరునీళ్ల ఉప్పు మీద అనుమానపడ్డాను. రాత్రి డ్యూటీల్లో డోన్ విశ్రాంతి గదిలో పడుకునే పరుపు మీద అనుమానపడి, దాని మీద న్యూస్‌పేపర్లు పరుచుకుని పడుకున్నాను. చివరికి ఒకరోజు స్నానాలగదిలో, గాయాలు కడిగే లోషన్‌ను నీళ్లు కలపకుండా అక్కడ పోసుకున్నాను. ఘాటైన మందు కదా, పురుగు ఏదైనా చస్తుందని నా తెలివి. పురుగు సంగతేమోగానీ చర్మం పొరలు పొరలుగా లేచొచ్చింది. మూడు రోజులు కాళ్లు ఎడంగా పెట్టి నడిచాను. ఏమైందని నా భార్య అడిగితే, బస్సు దిగుతూ కాలు బెణికిందన్నాను. ఏ కాలు అని అడిగింది. కుడికాలన్నాను. ఆమె నా రెండు కాళ్లూ చూసి ఊరుకుంది.

తర్వాత మందుల షాపుకు పోయాను. మా వీధి షాపు కాదు, పాతబస్తీలో నన్ను ఎరగని షాపు. ఇద్దరు ఆడవాళ్లు మందులు తీసుకుని వెళ్లేదాకా బయట నిలబడి, అప్పుడు లోపలికెళ్లి గొంతు తగ్గించి, "మా స్నేహితునికి కొంచెం దురద" అన్నాను.

"గజ్జల్లోనా సార్?" అన్నాడు షాపతను, వీధంతా వినబడేట్టు. "ఈ ట్యూబు చెప్పండి మీ స్నేహితునికి. పొద్దున సాయంత్రం పూయమనండి. మూడు మందులు కలిసుంటాయి దీంట్లో. మూడు దినాల్లో చూడండి సార్ మహిమ!"

మహిమ నిజమే. మూడో రోజుకు దురద లేదు, ఎరుపు లేదు. అతని మీద అనుమానపడినందుకు మనసులో క్షమాపణ కూడా చెప్పుకున్నాను. పదో రోజున ట్యూబు ఆపాను. పన్నెండో రోజుకు దురద తిరిగొచ్చింది. ఈసారి గజ్జలు దాటి తొడల మీదికి, వెనక పిర్రల మీదికి, మొలతాడు కిందుగా నడుము చుట్టూ వలయాలు వలయాలుగా పాకింది. మళ్లీ ట్యూబు పూస్తే తగ్గింది, ఆపితే పెరిగింది. ఇలా నాలుగు ట్యూబులు అయ్యాయి.

నాలుగో ట్యూబు దగ్గర అసలు కథ మొదలైంది. దాన్ని బీరువాలో నా పాత యూనిఫాం మడతల్లో దాచేవాణ్ణి. ట్యూబు ఏదైనా సరే, అడుగు నుంచి మడుస్తూ వాడటం నా అలవాటు. టూత్‌పేస్ట్ మధ్యలో నొక్కినందుకు పెళ్లయిన కొత్తలో నా భార్యతో గొడవపడినవాణ్ణి. ఒక సాయంత్రం తీసి చూస్తే, ట్యూబు మధ్యలో నొక్కి ఉంది.

మరుసటి రోజు ఎంతవరకు మడిచానో అక్కడ బాల్‌పెన్నుతో సన్నగా గీత గీసి పెట్టాను. రెండు రోజులు డ్యూటీ చేసి వచ్చి చూస్తే గీత మీదుగా నొక్కిన గుంట ఉంది. ట్యూబు పలచబడింది. మడత మాత్రం నేను మడిచినట్టే మళ్లీ మడిచి పెట్టి ఉంది. ఆ జాగ్రత్తే నన్ను భయపెట్టింది. తప్పు చేసేవాళ్లే సర్దిపెడతారని నా అనుభవం.

అప్పటినుంచి ఇంట్లో ప్రతిదీ సాక్ష్యంగానే కనబడింది. పొద్దున్నే చీరకట్టి వంటచేసే మనిషి, పగలంతా నైటీలో ఉంటోంది. స్నానాలగదిలో ఇంతకుముందుకన్నా ఎక్కువసేపు ఉంటోంది. నడుము నొప్పని చెప్పి మంచం మీద పడుకోవడం మానేసి, హాల్లో కూలర్ ముందు చాప వేసుకుని పడుకుంటోంది. కడపలో ఉండే వాళ్ల అక్కతో ఫోన్లో గుసగుసలాడుతూ, నేను లోపలికి రాగానే "సరేక్కా, పెడ్తా" అంటోంది. నేనేమైనా అడిగితే ముక్తసరిగా జవాబు. నా కంచం పక్కన మంచినీళ్ల గ్లాసు మాత్రం ఎప్పటిలాగే పెడుతోంది.

ఈ దురద మొగుడూ పెళ్లాల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని ఫోన్లో వెతికితే కనబడింది. ఇక నా బుద్ధికి పట్టపగ్గాల్లేవు. ట్యూబు ఆమె వాడుతోందంటే ఆమెకూ ఉందన్నమాట. ఉండీ నాకు చెప్పలేదంటే దాచిపెట్టడానికి కారణం ఉందన్నమాట. నేను ఎక్కడికీ పోలేదు. మరి ఇంట్లోకి ఇది ఎలా వచ్చింది? నేను వారానికి మూడు రాత్రులు ఇంట్లో ఉండను. ఈ చివరి వాక్యం మనసులో అనుకున్న రోజు నాకు అన్నం దిగలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. నా భార్య ఎలాంటిదో నాకు తెలుసు. తెలిసీ అనుకున్నాను. అడిగే ధైర్యం మాత్రం రాలేదు. అడిగితే జవాబు ఏం వస్తుందోనని భయం.

డాక్టరు దగ్గరికి పోవాలంటే కర్నూల్లో కుదరదు. ఏ ఆసుపత్రి మెట్లెక్కినా నన్ను గుర్తుపట్టే కండక్టరో డ్రైవరో అక్కడ ఉంటాడు. అందుకని ఇంట్లో డ్యూటీ అని చెప్పి, మామూలు చొక్కా వేసుకుని, కడప బస్సెక్కాను. ఎక్కీ ఎక్కగానే కండక్టరు లేచి నిలబడ్డాడు.

"సార్, మఫ్టీలోనా చెకింగు?" అన్నాడు మెల్లగా.

"కాదప్పా, సొంత పని."

అతను నమ్మలేదు. నంద్యాల దాటేదాకా నన్నే చూస్తూ, ఎక్కినవాళ్లకు ఎక్కినట్టు టికెట్లు కొట్టాడు. అంత నిజాయితీగా నడిచిన బస్సును నా ఉద్యోగంలో చూడలేదు.

కడప డాక్టరు ఆడమనిషి. బయట బోర్డు మీద ఇంటిపేరూ మొదటి అక్షరాలే చూసి మగాయన అనుకున్నాను. తిరిగి వెళ్లిపోదామని లేచాను కూడా. ఆమె నా వైపు చూడకుండా చేతి తొడుగులు వేసుకుంటూ, "పొద్దుటి నుంచి మీది ఏడోది సార్, పడుకోండి" అంది. ఆరుగురు నాకన్నా ముందు ఈ బల్ల మీద పడుకున్నారన్న మాట విని కొంచెం ధైర్యం వచ్చింది.

దీపం దగ్గరికి లాగి చూసింది. ట్యూబు చూపించమంది. చూసి పక్కన పడేసింది.

"ఇది ఎవరిచ్చినారు?"

"షాపులో."

"మీకొచ్చింది తామర సార్. ఒక రకం బూజు. ఈ ట్యూబులో స్టెరాయిడ్ ఉండాది. అది మంటను ఆర్పుతాది గానీ బూజుకు మేలు చేస్తాది. పైకి తగ్గినట్టు కనపడి కింద పాకుతాంటాది. ఇంట్లో ఊరగాయ జాడీ ఉండాది కదా? దాంట్లో తడి గరిటె పెడితే ఏమైతాది? మీ గజ్జలు అంతే. పొద్దున్నుంచి సాయంత్రందాకా చెమట, బిగువు ప్యాంటు, గాలి లేదు."

ఆమె చెప్పినవన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాను. ఆ లోషన్ ఇంక ముట్టుకోకూడదు. ముందుచర్మం కింద సబ్బు వద్దు, వెనక్కి జరిపి ఉత్త నీళ్లతో కడిగి, తడి లేకుండా అద్దుకోవాలి. గజ్జలు ఆరాకే బట్ట వేసుకోవాలి. వదులు నూలు డ్రాయరు, రోజూ మార్చాలి, వేడినీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో ఆరేయాలి. తువ్వాలు ఎవరిది వాళ్లకే. మాత్రలూ పూతా దురద పోయాక కూడా ఆమె చెప్పేదాకా ఆపకూడదు. ముందుచర్మం మంట కొందరికి షుగర్ మొదలైనప్పుడు వస్తుందని రక్తం పరీక్ష కూడా రాసింది. పక్కనే ఉన్న ల్యాబుకు పొమ్మనగానే, వీళ్లిద్దరికీ ఏదో ఒప్పందం ఉందనుకున్నాను. షుగర్ లేదని కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని కూడా రెండుసార్లు చదివి, పేరు నాదేనా అని చూసుకున్నాను.

"ఈ మొలతాడు ఎన్నేండ్లదీ?" అంది చివరికి.

"పోయిన దసరాకు కట్టుకున్నది."

"తీసేయల్ల. ఎప్పుడూ తడిగా ఉంటాది. బూజు దాంట్లోనే కాపురం ఉండాది. మందులు మింగినా మళ్లా దాన్నించే అంటుకుంటాది."

నేను లేచి కూర్చున్నాను. మా వాళ్లలో మొలతాడు పాతదయితే కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తారు. మొల ఖాళీగా ఉండేది రెండే సందర్భాల్లో. మగవాడు పోయినప్పుడు, లేదా అతని భార్య పోయినప్పుడు. మా అమ్మ పోయాక దినాల్లో మా నాయన మొలతాడు తెంపడం నేను కళ్లారా చూశాను. ఆయన కొమ్మలు కొట్టేసిన చెట్టులాగా నిలబడిపోయాడు. ఆ మాట డాక్టరుకు చెప్పాను. ఈమె మనవాళ్ల పద్ధతులు తెలియని మనిషేమోనని అనుమానం కూడా వచ్చింది.

"నాకూ తెలుసు సార్. మా నాయనకు కూడా నేనే తీయించినా," అంది. "నేను ఆచారం గురించి మాట్లాడలా, తడి గురించి మాట్లాడుతాండా."

తర్వాత చీటీ రాస్తూ, "ఇంట్లో ఇంకెవరికైనా ఉండాదా?" అని అడిగింది.

"తెలీదు."

"అడగలేదా?"

"లేదు."

"ఇంత దూరం బస్సెక్కి వచ్చి నాకు చూపించినారు. పక్కనుండే మనిషిని అడగలేదా? ఆమెకు గనక ఉంటే, మీరొక్కరే మందులు వాడి లాభం లేదు. తీసుకోని రాండి."

కండక్టర్లను ఇలాంటి ప్రశ్నలతోనే నేను నిలువునా పట్టుకుంటాను. తలూపి బయటకు వచ్చాను.

మొలతాడు ఆ రోజే తీయలేదు. రెండు రోజులు చూశాను. మూడో రోజు పొద్దున స్నానాలగదిలో గోళ్లు కత్తిరించుకునే కత్తెరతో తెంపాను. నడుము తేలికయిపోయి, ఏదో మర్చిపోయినట్టు రోజంతా చెయ్యి అక్కడికే పోయింది. తెంపినదాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదు. కాగితంలో చుట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. పారే నీళ్లలో వేద్దామని. ఎండాకాలం తుంగభద్రలో పారే నీళ్లు ఎక్కడున్నాయి? అది జేబులోనే ఉండిపోయింది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. డాక్టరు చెప్పినట్టు నా డ్రాయర్లూ తువ్వాలూ నేనే వేడినీళ్లలో ఉతుక్కోవడం మొదలుపెట్టాను. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో జేబురుమాలు కూడా ఉతకని మనిషి, పొద్దున్నే మిద్దె మీద చాటుగా డ్రాయర్లు ఉతుకుతుంటే ఏ పెళ్లామైనా ఏమనుకుంటుంది? నేను ఆమెను కనిపెడుతున్నాననుకున్నానే గానీ, ఆమె నన్ను కనిపెడుతోందని తట్టలేదు.

ఆదివారం పొద్దున పది గంటలప్పుడు ఆమె మిద్దె మీదికి వచ్చింది. నేను బకెట్ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాను. ఆమె చేతిలో నా ప్యాంటు ఉంది, రెండో చేతిలో విప్పిన కాగితం, దాంట్లో తెగిన మొలతాడు.

నన్ను ఎప్పుడూ మీరు అనే మనిషి, ఆ రోజు నువ్వు అంది.

"ఎవరు సచ్చినారని తెంపినావు ఇది? నేను సచ్చినానా?"

"గట్టిగా అరవద్దు. డాక్టరు తీసేయమనింది."

"ఏ డాక్టరు? యాడ?"

"కడపలో."

"కడపకు ఎప్పుడు పోయినావు? నాకు డ్యూటీ అని చెప్పి పోయినావా?" ఆమె ఆ కాగితం నా మొహం ముందుకు చాపింది. "ఏం రోగం తెచ్చుకున్నావు? ఎవరి కాడ తెచ్చుకున్నావు? కుడికాలు బెణికిందని చెప్పి రెండు కాళ్లూ ఈడ్చినప్పుడే నాకు తెలిసిపాయ. మందు ట్యూబు దాచిపెడ్తావు. నీ గుడ్డలు నువ్వే ఉతుక్కుంటావు. నేనేమన్నా పిచ్చిదాన్నా?"

నాకు కోపం వచ్చింది. తప్పు నాదై ఉండి కూడా వచ్చింది. "నేను తెచ్చుకున్నానా? ట్యూబు నడుమ నొక్కిందెవరు? గీత పెట్టి చూసినా నేను. ఎవరికి పూసుకున్నావు అది?"

ఆమె నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, పడకగదిలోకి తీసుకెళ్లి, తలుపు గడియ పెట్టి, కిటికీ దగ్గర నిలబడి నైటీ ఎత్తింది. లంగా బొందు బిగించి కట్టేచోట నడుము చుట్టూ రెండు వేళ్ల వెడల్పున నల్లటి పట్టీ, దాని అంచుల్లో ఎర్రటి వలయాలు, కిందికి పాకి గజ్జల్లోకి దిగాయి. కొన్నిచోట్ల గోకి గోకి పుండ్లయ్యాయి. నాకన్నా ఎక్కువ ఉంది.

నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది జాలి కాదు. నా అనుమానం నిజమైందన్న గెలుపు. అది ఒక్క క్షణమే ఉంది గానీ, ఉంది. ఆ తర్వాత ఆమె మొహం చూశాను.

"నాలుగు నెల్లాయ," అంది. "నువ్వే అంటించినావనుకున్నా. డోన్‌లో రాత్రి డ్యూటీ అని నువ్వు చెప్పి పోయిన ప్రతి దినమూ ఏడ్చినా. ఎవరితో చెప్పుకోవల్ల? మా యక్కకు చెప్తే, మగోళ్లు అంతే ఊరుకో అనె. నీ ట్యూబు కనపడిన దినం, ఇంగ అంతా అయిపాయ అనుకున్నా. అడిగితే నువ్వు అవునంటావేమోనని అడగల్యా. పూసుకుంటే చల్లగుండె, పూసుకున్నా."

ఇద్దరం మంచం మీద ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చున్నాం. ఆమే అడిగింది.

"నా మీద అనుమానపడినావా?"

మౌనంగా ఉంటే ఎదుటివాడే నిజం కక్కుతాడని నాకు ఉద్యోగం నేర్పింది. ఆ రోజు మౌనం నా మీదే పనిచేసింది.

"పడినా," అన్నాను.

"నేనూ పడినా," అంది. "అయితే నేను నీకు అన్నం పెడ్తా పడినా. నువ్వు గీత గీసి పడినావు."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నన్ను ఓదార్చలేదు. లేచి చీర కట్టుకుని, కడపకు ఎప్పుడు పోదామని అడిగింది.

డాక్టరు ఆమెను లోపలికి పిలిచి చూసి, తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఎప్పటి నుంచి అని అడిగితే శివరాత్రి తర్వాత అని నా భార్య చెప్పింది. శివరాత్రికి ముందు వాళ్ల అక్కకు ఆపరేషన్ అయితే పదిరోజులు కడప ఆసుపత్రిలో తోడుంది. తీసుకెళ్లిన బట్టలు చాలక అక్క లంగాలు కట్టుకుంది, అక్క తువ్వాలే వాడింది. అక్కకు నడుము దగ్గర దురద అప్పటికే ఉంది, ఆసుపత్రి మంచం వల్లనేమో అనుకున్నారు. ఇంతే సంగతి. ఎవరూ ఎక్కడికీ పోలేదు.

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని లెక్కపెట్టొద్దండి," అంది డాక్టరు. "ఇద్దరూ ఒక్కసారే వాడండి, మీ యక్కను కూడా చూపించుకోమనండి. బొందు వదులుగా, వెడల్పుగా కట్టుకోండి, దినామూ ఒకే చోట బిగించొద్దు."

నేను లెక్కపెట్టాను. ఆమెది శివరాత్రి తర్వాత, నాది ఉగాది తర్వాత. సరిపోయింది. సరిపోయింది కాబట్టే నమ్మాను. ఆ వారమంతా నన్ను బాధపెట్టింది ఇదే. ఆమె ఏడుపు చూసి నమ్మలేదు, తేదీలు సరిపోయాక నమ్మాను.

పాత ట్యూబు ఆపిన మొదటి పది రోజులు దురద రెట్టింపయింది. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పింది కాబట్టి తట్టుకున్నాం. మిద్దె మీద తీగకు ఆ చివర ఆమె తువ్వాలు, ఈ చివర నా తువ్వాలు ఆరేవి. నా ప్యాంట్లు వదులుగా కుట్టించుకున్నాను. ఆమె తన లంగాలకు సన్న బొందులు తీసేసి వెడల్పు నాడాలు ఎక్కించింది. కొత్త మొలతాడు ఒకటి తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. డాక్టరు సరేనన్నాకే కట్టుకోవాలనీ, కట్టుకున్నా స్నానమయ్యాక తడి ఆర్చుకోవాలనీ నాకు చెప్పింది. అది చెప్పేటప్పుడు మళ్లీ మీరు అంది. మాటలు మాత్రం అవసరమైనంతే.

డాక్టరు ఇంకో పని పెట్టింది. మనకు కనబడని చోట్లు నడుము వెనక, పిర్రల కింద ఉంటాయి కాబట్టి, ప్రతి ఆదివారం మంచి వెలుతురులో ఒకరినొకరు చూసుకోమంది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో మేము ఒకరినొకరు వెలుతురులో చూసుకున్నది లేదు. మొదటి ఆదివారం తలుపు గడియ పెట్టి, కిటికీ పరదా సగం తీసి, ఇద్దరం పెళ్లిచూపుల్లోకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాం. ముందు నన్ను తిరగమంది. ఫోన్ లైటు వేసి చూసింది.

"ఎడమ తొడ వెనక ఒకటి ఉండాది. రూపాయి బిళ్లంత."

"యాడ? నాకు మంట లేదే," అని గోడకున్న అద్దం తీసుకుని, మెడ తిప్పి, వంగి, అక్కడ పడేట్టు పట్టుకుని చూశాను. ఉంది. రూపాయి బిళ్లంత. అద్దం దించేసరికి ఆమె నన్నే చూస్తోంది. అద్దం నా చేతిలోంచి తీసుకుని గోడకు తగిలించింది. ఒక మాట అన్నా బాగుండేది.

అలా ఆరు ఆదివారాలు గడిచాయి. నా ఒంటి మీద మచ్చల రంగు తప్ప ఏమీ మిగల్లేదు. ఆరో ఆదివారం ఆమె వంతు వచ్చినప్పుడు ముందువైపంతా శుభ్రంగా ఉంది. ఆమె కూడా చూసుకుని, "ఇంగ పోయింది, దురద కూడా ల్యా. రేపటి నుంచి మాత్రలు ఆపుదామా?" అంది. వెనక్కి తిరిగింది. వెన్నెముక చివర, ఆమె చూపు అందని చోట, సన్నని ఎర్ర అంచుతో చిన్న వలయం ఉంది.

"ఇంకా ఒకటి ఉండాది," అన్నాను. "వేలిగోరంత."

అని, అద్దం కోసం గోడ వైపు చెయ్యి చాపాను. ఆమె ఆ చేతిని మధ్యలోనే పట్టుకుని కిందికి దించింది.

"అద్దమెందుకు? ఉండాదని మీరు చెప్తాండారు కదా," అంది. డాక్టరు రాసిన పూత ట్యూబు నా చేతిలో పెట్టి, "పుయ్యండి" అని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

నేను ట్యూబు మూత తీశాను. అడుగు నుంచి మడవాలన్న సంగతి గుర్తు రాలేదు. మధ్యలోనే నొక్కాను.